నూట అయిదు డిగ్రీల త్రినాథరావు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో త్రినాథరావు గురించి ఎవరిని అడిగినా మంచివాడనే చెబుతారు. ఆయన్నే అడిగితే మాత్రం వేరే జవాబు వస్తుంది. "నాకన్నా తెలివితక్కువోడు ఈ డివిజన్లో ఎవడైనా ఉంటే తీసుకురండి, శాలువా కప్పి సన్మానం సేసేద్దాం" అంటాడు. ఇది వినయం కోసం అనే మాట కాదు. ఆయన దగ్గర ఆధారాలున్నాయి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కూడా వినిపిస్తుంటాడు. నేను అడగనివాళ్ళ జాబితాలో వాణ్ణి.

తండ్రి అప్పలకొండ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో ఖలాసీగా చేరాడు. కొడుకుని కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ దాకా చదివించాడు. క్లాసులో మూడో ర్యాంకు వచ్చిందని త్రినాథరావు చెప్పుకుంటాడు, క్లాసులో ఉన్నది ఐదుగురేనని కూడా తనే చెబుతాడు. గంధకం మీద పీహెచ్‌డీ చేద్దామని పేరు రాయించుకున్న రెండో నెలలో తండ్రి గుండెపోటుతో పోయాడు. ఆ ఇంటికి మిగిలిన దారి ఒక్కటే కాబట్టి, తండ్రి పోయినందుకు కొడుక్కిచ్చే ఉద్యోగంలో చేరిపోయాడు. లోకో షెడ్ ల్యాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో తేమ చూడడం, బ్యాటరీ నీళ్ళు పరీక్షించడం, గ్రీజు మంచిదో కాదో తేల్చడం, ఇదీ పని. పాతికేళ్ళు అదే చేశాడు, బాగా చేశాడు కూడా.

నలభై ఎనిమిదో ఏట ఆయనకి పాత పీహెచ్‌డీ మీద మళ్ళీ మనసైంది. నలభై ఎనిమిదో ఏట మగాళ్ళకి ఏదో ఒకటి అవుతుంది, కొందరు జుట్టుకి రంగేస్తారు, ఈయన యూనివర్సిటీలో పేరు రాయించుకున్నాడు. ఆదివారాలూ సెలవు రోజులూ పరిశోధన, మిగతా రోజులు డ్యూటీ. గైడు పేరు శాంతాదేవి. తెనాలి ఆవిడ, ఈయన కన్నా తొమ్మిదేళ్ళు చిన్న. మొదటిరోజే ఈయన లేచి నిలబడి "నమస్తే మేడమ్" అంటే ఆవిడా లేచి నిలబడింది. ఇద్దరిలో ముందు ఎవరు కూర్చోవాలో తేలక కాసేపు అలాగే నిలబడి సల్ఫర్ గురించి మాట్లాడుకున్నారట.

ఆ సల్ఫర్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈయన చేసిన ఘనకార్యం అర్థం కాదు. గంధకం పరమాణువు మామూలుగా ఇద్దరితో సర్దుకుంటుంది. రెండు వైపులా ఇద్దర్ని పట్టుకుని హాయిగా ఉంటుంది. దానికి మూడోవాణ్ణి కూడా తగిలించామనుకోండి, జనరల్ బోగీలో ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చున్నట్టు ఉంటుంది వ్యవహారం. మూడోవాడి కోసం తన దగ్గరున్న ఎలక్ట్రాన్ల జంట ఒకటి బంధంలో పెట్టేసి, తను ధనావేశంతో మిగిలిపోతుంది. అలాంటి దాన్ని సల్ఫోనియం అంటారు. పక్కన రుణావేశంతో ఒక బ్రోమైడ్ నిలబడితే, రెండూ కలిసి తెల్లటి స్ఫటికాలవుతాయి, చూడ్డానికి ఉప్పులా ఉంటాయి, ఏ వాసనా ఉండదు. కానీ ఇరుకు ఇరుకే కదా. వేడి తగిలితే ముగ్గురిలో ఒకడు లేచి, పక్కన కాచుకుని ఉన్న బ్రోమైడ్‌తో వెళ్ళిపోతాడు. అప్పుడు మళ్ళీ ఇద్దరితో మిగిలిన గంధకం ఆవిరై బయటికొస్తుంది. దాని కంపు అంతా ఇంతా కాదు.

త్రినాథరావు తయారుచేసే లవణాలు ఈ జాతివే. రైలింజన్ మోటార్లలో రాగి తీగల చుట్లకి రెసిన్ పూసి కాలుస్తారు. ఆ రెసిన్‌లో ఇలాంటి లవణం చిటికెడు కలిపితే, చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా కూర్చుంటుంది, కొలిమిలో పెట్టగానే విడిపోయి రెసిన్‌ను గట్టిపరుస్తుంది. కొత్త సంగతేం కాదు, కానీ మన షెడ్ మోటార్లకి ఏది సరిపోతుందో ఎవరూ చూడలేదు. నేను చూస్తానన్నాడు ఈయన. పని రెండు మెట్లు. మొదట బ్రోమైడ్ లవణం చేసి ఆరబెట్టాలి. తరవాత ఆ బ్రోమైడ్‌ను తప్పించి, ఎవరి జోలికీ పోని పెద్ద అయాన్‌ను దాని చోట నిలబెట్టాలి. ఆ రెండో మెట్టు దాటాకే లవణం నిబ్బరంగా ఉంటుంది. మొదటి మెట్టు మీద ఉన్నంతకాలం మహా సున్నితం.

యూనివర్సిటీలో ఆరబెట్టే ఓవెన్ ఒక్కటే, దాని కోసం కాచుకునే విద్యార్థులు నలభై మంది. వాళ్ళ మధ్య పుస్తకంలో పేరు రాసి వంతు కోసం ఎదురుచూడడం త్రినాథరావుకి నామోషీ అనిపించింది. షెడ్ ల్యాబ్‌లో ఓవెన్ తన చేతికిందే ఉండగా ఈ పిల్లల వెనక నిలబడడమేమిటి? ఆదివారం లవణం చేసి, వడగట్టి, గాజు పళ్ళెంలో పెట్టి మూతేసి తెచ్చుకునేవాడు. సోమవారం ఉదయం షెడ్ ఓవెన్‌లో పెట్టేవాడు.

షెడ్ ఓవెన్‌కి నూట అయిదు డిగ్రీలే వేడి. పాతికేళ్ళుగా దాని మీట ఎవరూ కదపలేదు. నీళ్ళ తేమ పోవాలంటే నూట అయిదు చాలు, షెడ్ ల్యాబ్‌లో ఆరబెట్టడమంటే నూట అయిదే. ఇంకో వేడిలో ఇంకేదైనా ఆరుతుందని ఆ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళకి తోచదు. ఆ ఓవెన్‌కి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. పదకొండింటికి అందరూ తమ తమ టిఫిన్ డబ్బాలు కింద అరలో పెట్టేస్తారు, పన్నెండున్నరకి పప్పూ అన్నం పొగలు కక్కుతూ బయటికొస్తాయి. పెట్టకూడదని గోడ మీద బోర్డుంది. బోర్డు రాసినవాడు కూడా పెట్టేవాడు. వాడి డబ్బా పై అరలో ఉండేది, అంతే తేడా.

మొదటి ఏడాది వర్షాకాలంలో ఒకరోజు పన్నెండున్నరకి ఓవెన్ తలుపు తీసిన రాజేంద్ర ముక్కు మూసుకున్నాడు. రాజేంద్ర ఈయన పక్క టేబుల్ వాడు, పక్క క్వార్టర్ వాడు కూడా.

"అరే భాయ్, వదిన కేబేజీ పంపించిందా ఏటి? ఓవెనంతా వాసనే" అన్నాడు.

ఆరోజు కేబేజీయే. త్రినాథరావు సిగ్గుపడి, సాయంత్రం ఇంటికెళ్ళి భార్య ఉషారాణికి చెప్పాడు. "షెడ్‌కి కేబేజీ పంపకే, అందరూ ముక్కులు మూసుకుంటన్నారు." ఆవిడ సరేనంది. తరవాత వారం బెండకాయ పంపింది. ఓవెన్‌లో మళ్ళీ అదే వాసన. ఆపై వారం దొండకాయ. అదే వాసన. సోమవారాలే ఎందుకొస్తోందని ఎవరికీ తోచలేదు. అందరిలోకీ పెద్ద చదువు చదువుకున్న త్రినాథరావుకి అసలే తోచలేదు. ఆయన ముక్కు ఆదివారమంతా ఆ గంధకం సీసాల దగ్గరే తిరిగి, సోమవారానికి దేన్నీ పట్టించుకోవడం మానేసేది.

ఇంట్లో మాత్రం విచారణ సాగింది. "నూనె మార్చు" అన్నాడు. మార్చింది. "ఇంగువ మానెయ్" అన్నాడు. మానేసింది. "వెల్లుల్లి తగ్గించు, డబ్బా నిమ్మకాయతో తోము" అన్నాడు. కొత్త డబ్బా కొన్నారు. చివరికి ఒక సాయంత్రం విసుగెత్తి, "నీ సేతి వంటలోనే ఏదో ఉందే, షెడ్‌లో నా పరువు పోతంది" అనేశాడు. ఉషారాణి చెయ్యి వాసన చూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కాలనీ ఆంధ్రా సంఘంలో వినాయక చవితికి మూడొందల మందికి పులిహోర కలిపేది ఉషారాణి. పెళ్ళయి వచ్చిన రెండో ఏటి నుంచీ ఆ పని ఆవిడదే, పసుపు చేతులతో పెద్ద పళ్ళెం ముందు కూర్చుంటే పక్కన ఎవరూ నోరెత్తేవారు కాదు. ఆ ఏడు పిలవడానికొచ్చిన వాళ్ళతో, "నా సెయ్యి ఇప్పుడు బాగులేదమ్మా, ఇంకెవర్నైనా సూసుకోండి" అంది. విస్తళ్ళు వేసే పని తీసుకుంది. త్రినాథరావు అది చూశాడు, విన్నాడు. మూడొందల మంది ముక్కులు మూసుకునే ప్రమాదం తప్పిందనుకుని లోలోపల సంతోషించాడు కూడా. ఈ చోటు మాత్రం ఆయన గబగబా దాటేస్తాడు, ఎప్పుడు చెప్పినా.

ఇక పరిశోధన సంగతి. నూరు పాళ్ళు రావాల్సిన చోట పద్దెనిమిది పాళ్ళు వచ్చేవి. ఎన్నిసార్లు చేసినా పద్దెనిమిది, పంతొమ్మిది, ఒకసారి పదకొండు. ఈయన మొదట రసాయనాల కంపెనీని తిట్టాడు. తరవాత నీళ్ళని తిట్టాడు. చివరికి బిలాస్‌పూర్ గాలిలో తేమ దగ్గర ఆగాడు, తేమ ఎదురు మాట్లాడదు కదా. మూడో ఏడు శాంతాదేవి అడిగింది, "బాగానే ఆరబెడుతున్నారా త్రినాథరావుగారూ?" అని. "వడియాల్లా ఆరబెడుతున్నాను మేడమ్" అన్నాడు ఛాతీ విరుచుకుని. ఎన్ని డిగ్రీల దగ్గరని ఆవిడ అడగలేదు. పాతికేళ్ళు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి ఆ ప్రశ్న అడిగితే అవమానించినట్టుంటుందని ఊరుకుందట.

అలా ఐదేళ్ళు గడిచాయి. యూనివర్సిటీ వాళ్ళు గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారీ పొడిగించారు, మూడోసారి లేదన్నారు. ఏప్రిల్ నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి, ఇరవై ఆరున సెమినార్‌లో నిలబడి అందరి ముందూ చెప్పాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు, ఇన్ని ఆదివారాలూ గంగలో కలిసినట్టే. తండ్రి పోయిన రోజున వదిలేసిన పని ఇప్పుడు కూడా పూర్తికాకపోతే ఇక ఈ జన్మకి కాదని ఆయనకి తెలుసు. మిగిలింది ఒక్కటే పరీక్ష. రెసిన్‌లో కలిపి నిజం మోటారు చుట్ట మీద చూడాలి, దానికి లవణం ఎక్కువ కావాలి. అందుకని ఆ ఆదివారం పొద్దుట్నుంచి చీకటిపడేదాకా కూర్చుని ఎప్పుడూ చెయ్యనంత చేశాడు. ఎప్పుడూ గ్రాము, రెండు గ్రాములు. ఈసారి పాతిక గ్రాములు.

చైత్ర నవరాత్రులు. సోమవారం తెల్లారకుండానే ఉషారాణి కాలనీ ఆడవాళ్ళతో రతన్‌పూర్ అమ్మవారి దర్శనానికి బస్సెక్కింది. "ఫ్రిజ్‌లో పప్పుంది, అన్నం ఒండుకోండి" అని చెప్పి వెళ్ళింది. అన్నం వండుకోవడం చేతకాని పరిశోధకుడు రెండు అరటిపళ్ళు సంచిలో వేసుకుని షెడ్‌కి వచ్చాడు. గాజు పళ్ళెం ఓవెన్ పై అరలో పెట్టాడు. కింద అరలో రాజేంద్ర డబ్బా, దిలీప్ డబ్బా, ఇంకో మూడు.

పన్నెండున్నరకి రాజేంద్ర తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే వెనక్కి గెంతాడు. కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు. సాయానికొచ్చిన దిలీప్ కళ్ళూ అంతే. రెండు నిమిషాల్లో ల్యాబ్‌లో ఉన్న ఆరుగురూ ఏడుస్తూ బయట వరండాలో నిలబడ్డారు. అవతల పిట్ లైన్లో ఇంజన్ కింద గోతిలో పనిచేస్తున్నవాళ్ళు ఎవరో పెద్ద ఆఫీసరు పోయాడనుకుని టోపీలు తీశారు.

"త్రినాథ్ భాయ్, వదినకి దండం పెడతాను" అన్నాడు రాజేంద్ర కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నాళ్ళూ వాసనే అనుకున్నాం. ఇవాళ ఏటి పంపించిందిరా బాబూ, మమ్మల్ని సంపేద్దామనా?"

"ఏటీ పంపలేదు" అన్నాడు త్రినాథరావు.

"పంపకపోడమేటి? కేబేజీ కంపు కొడతంటేని!"

"అరే, మీ వదిన రతన్‌పూర్ ఎల్లింది. నా డబ్బా అందులో లేనే లేదు. నా దగ్గర ఇవిగో, రెండు కేళాలు" అని జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ సంచి తెరిచి చూపించాడు.

అరటిపళ్ళ వంక అందరూ చూశారు. తరవాత ఓవెన్ వంక చూశారు. తరవాత ఒక్కొక్కరే త్రినాథరావు వంక తిరిగారు. ఆయనకీ అప్పుడే తట్టింది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని లోపలికి పోయి, ఓవెన్ కట్టేసి, కిటికీలన్నీ తీసి, పళ్ళెం చూశాడు. తెల్లటి స్ఫటికాల చోట పసుపురంగు జిడ్డు. పాతిక గ్రాములకి అడుగున రవ్వంత మిగిలింది. లేచిపోయినవాడు బ్రోమైడ్‌ను వెంటబెట్టుకుని మళ్ళీ మొదట లవణం చెయ్యడానికి పోసిన బెంజైల్ బ్రోమైడ్ అయిపోయాడు. కంటికి తగిలితే ఎంతటివాడైనా ఏడవాల్సిందే. మిగిలిన గంధకం డైమిథైల్ సల్ఫైడ్‌గా ఎగిరిపోయింది. కేబేజీని ఉడికిస్తే వచ్చే వాసన కూడా దానిదే. కేబేజీలోనూ ఇలాంటి సల్ఫోనియం ఒకటుంటుంది, గిన్నెలో వేడికి అదీ ఇలాగే విడిపోతుంది. ఉషారాణి కూరకీ ఈయన పరిశోధనకీ ఉన్న చుట్టరికం ఆ ఒక్క మొదటి రోజుదే. మిగతా ఐదేళ్ళ కంపూ ఈయన సొంత సంపాదన.

ఆరోజు అందరి డబ్బాలూ పారేయించాడు. ఇన్నాళ్ళూ వీళ్ళు తిన్న తిండి గుర్తొచ్చింది. చేసింది గ్రాములే, డబ్బా మూతలు గట్టివే, అయినా ఆ రాత్రి ఆయన కంటి మీద కునుకు లేదు. మర్నాడు పొద్దున్నే శాంతాదేవి గదికి వెళ్ళి, కూర్చోకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ఆవిడ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని ఈయనకి అర్థమైంది.

"నూట అయిదా?" అంది చివరికి.

"నూట అయిదే మేడమ్. ఐదేళ్ళుగా."

"త్రినాథరావుగారూ, మీ థీసిస్ డ్రాఫ్ట్ రెండో పేజీ ఒకసారి చదవండి."

చదివాడు. సల్ఫోనియం హేలైడ్లు వేడికి విడిపోయి తిరిగి సల్ఫైడ్‌గానూ, ఆల్కైల్ హేలైడ్‌గానూ మారతాయని అక్కడ శుభ్రంగా రాసి ఉంది. రాసింది తనే. ఆ వాక్యానికి పాత పరిశోధకుల పేర్లు ఆరు ఉదహరించాడు కూడా. వేడికి విడిపోయే లవణాల మీద పరిశోధన చేస్తూ, వాటిని వేడిలో పెట్టి ఆరబెట్టిన మనిషి బహుశా ఈయనొక్కడే అయ్యుంటాడు. "ఆ పేజీ నేను రాసేటప్పుడు సదవలేదండీ" అని ఈ సందర్భాన్ని ముగిస్తుంటాడు.

పదిహేను రోజులున్నాయి. మిగిలిన సెలవులన్నీ పెట్టేశాడు. శాంతాదేవి తన గది తాళం ఇచ్చేసింది. లవణం మళ్ళీ చేసి, ఈసారి నిప్పు ముఖం చూపించకుండా, గాలి తీసేసిన గాజు పాత్రలో చల్లగా రాత్రంతా ఉంచారు. పొద్దున్న తూచారు. నూటికి ఎనభై మూడు. త్రినాథరావు మళ్ళీ తూచాడు. ఎనభై మూడే. ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు, ఈసారి బెంజైల్ బ్రోమైడ్ ప్రమేయం ఏమీ లేదు.

రెసిన్ పరీక్ష బాగా వచ్చింది. ఇక రాయడమే మిగిలింది. పాత ఐదేళ్ళ ఫలితాలు ఎందుకు పాడయ్యాయో ఒక పేరా రాయాలి. అక్కడికొచ్చేసరికి కలం ఆగిపోయింది. "గాలిలోని తేమ వల్ల నష్టం జరిగి ఉండవచ్చు" అని రాస్తే చాలు, ఎవరూ అడగరు. నిజం రాస్తే సెమినార్‌లో చదవాలి. షెడ్ నుంచి రాజేంద్ర బ్యాచంతా వస్తామని ఇప్పటికే చెప్పారు. ఉషారాణి కూడా వస్తానంది, పట్టుచీర తీసి పెట్టుకుంది. రతన్‌పూర్ నుంచి వచ్చిన రాత్రి ఆవిడకి ఈయన చెప్పింది, "ఓవెన్‌లో ఏదో పాడైంది" అని మాత్రమే, పక్క క్వార్టర్ రాజేంద్రని కూడా నోరు విప్పొద్దని బతిమాలుకున్నాడు. ఏదో అన్న మాట పెద్ద దుప్పటి, దాని కింద దాక్కున్నాడు. ఆవిడకి నిజం చెప్పాలంటే ముందు ఐదేళ్ళు తను మాట్లాడిన మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలి. పీహెచ్‌డీ కన్నా అదే కష్టంగా తోచింది.

తేమ అని రాశాడు. శాంతాదేవి ఆ పేజీ వెనక్కి ఇచ్చింది. "తేమ మీకేం చేసిందండీ?" అంది. "రేపు ఇంకెవరైనా ఈ లవణం చేస్తే, మీ మాట నమ్మి తేమతో కుస్తీపడతారు, నూట అయిదులో ఆరబెడతారు. వాళ్ళ ఐదేళ్ళు కూడా పోవాలా?"

త్రినాథరావు ఆ పేజీ చించేసి, నిజం రాశాడు.

ఇరవై ఆరున సెమినార్. ముందు వరసలో కమిటీ వాళ్ళు, వెనక వరసలో షెడ్ వాళ్ళు, వాళ్ళ పక్కన పట్టుచీరలో ఉషారాణి. త్రినాథరావు చెమటలు కక్కుతూ మొదలెట్టి, ఆ పేరా దగ్గరికొచ్చాడు. ఓవెన్ సంగతీ, నూట అయిదు సంగతీ, టిఫిన్ డబ్బాల సంగతీ హిందీలో చెప్పాడు. రాజేంద్ర నవ్వు మొదలెట్టాడు, హాలంతా అందుకుంది. కమిటీలో పెద్దాయన విశ్వనాథం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. త్రినాథరావు నవ్వు ఆగేదాకా ఆగి, "వాసన నా భార్య వంటదని నేను ఐదేళ్ళు అన్నాను. షెడ్‌లో అందరూ నమ్మారు. అది అబద్ధం. వాసన నాది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన వెనక వరస వైపు చూడలేకపోయాడు.

"మంచిది" అన్నాడు విశ్వనాథం. "కారణం లవణమేనని ఎలా తేల్చారు? బ్లాంక్ చేశారా?"

"చేశాను సర్. లవణం పెట్టకుండా ఖాళీ పళ్ళెంతో ఓవెన్‌ను రెండు గంటలు నడిపాను. వాసన రాలేదు. తరవాత లవణంతో నడిపాను. వచ్చింది."

విశ్వనాథం తల ఊపాడు. థీసిస్ సమర్పించుకోవచ్చని సంతకాలు పెట్టారు. షెడ్ వాళ్ళు లడ్డూలు పంచారు. రాజేంద్ర ఉషారాణి ముందు నిలబడి రెండు చేతులూ జోడించి, "వదినా, మాఫ్ కరో" అన్నాడు. ఆవిడ "పర్లేదు బాబూ" అంది.

ఇద్దరూ ఆటో కోసం గేటు దాకా నడిచారు. ఎండ మండిపోతోంది. త్రినాథరావు "తప్పు సేశానే ఉషా. నిన్ను ఎన్నెన్ని మాటలన్నానో అన్నీ గుర్తున్నాయి. సెమించు" అన్నాడు. ఇంకా చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చాడు, ఒక్కటీ రాలేదు.

ఉషారాణి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ పెద్దాయన ఏదో అడిగాడే, బ్లాంకో ఏదో. ఏటండీ అది?"

త్రినాథరావుకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కెమిస్ట్రీ అడుగుతోంది, అదైతే చెప్పగలడు. "దేనిమీద అనుమానమో దాన్ని పక్కన పెట్టేసి పరీక్ష సేస్తాం. అది లేకపోయినా ఫలితం అలాగే వచ్చిందనుకో, తప్పు దానిది కాదన్నమాట."

"అచ్ఛా. అంటే నా డబ్బా ఒక్కపూట ఓవెన్‌లో పెట్టకుండా సూస్తే తెలిసిపోను?"

"ఆ."

"ఒక్కపూటే?"

"ఒక్కపూటే."

ఆటో వచ్చి ఆగింది. ఆవిడ ఎక్కలేదు. ఆటోవాడు "కహా జానా హై" అని రెండుసార్లు అడిగాడు.

"మరి మీ షెడ్‌లో ఆయిలుకి సేస్తారా అది?"

"రోజూ సేస్తాం. అది సెయ్యకుండా సంతకం పెట్టం" అన్నాడు త్రినాథరావు. అన్నాక గాని తను ఏమన్నాడో ఆయనకి తెలియలేదు.

"ఆయిలుకి రోజూ సేస్తారు" అంది ఉషారాణి. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. లెక్క సరిచూసుకున్నట్టు ఇంకోసారి మెల్లగా అనుకుంది. తరవాత ఆటో ఎక్కి, ఆయన కూర్చోవడానికి పక్కకి జరిగింది.